కర్క్ నెత్తిన ట్రిబుళ్లు వేసిందెవరు?

1967 డిసెంబరు 29న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో వచ్చిన, స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సిరీస్ ఎపిసోడ్ పేరు 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్'. అందులో ఒక సీను చూసినవాళ్లెవరూ మరిచిపోరు. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ కెప్టెన్ కర్క్ ఒక అంతరిక్ష స్థావరంలో ధాన్యం దాచిన కొట్టు దగ్గరికి వస్తాడు. తలకంటే ఎత్తులో ఉన్న తలుపు తెరుస్తాడు. గాదె మూత ఊడిపోయినట్టు ట్రిబుళ్లు అనే బొచ్చు ఉండల్లాంటి ప్రాణులు జలజలా రాలతాయి. మనిషి ఛాతీ దాకా కూరుకుపోతాడు.

నవ్వు అక్కడితో అయిపోవాలి. కానీ అయిపోదు. కుప్ప పడటం ఆగిపోయాక, కర్క్ అందులోంచే మొహం మాడ్చుకుని మాట్లాడుతుంటే పైనుంచి ఒకటి దబ్బున నెత్తిన పడుతుంది. కాసేపాగి ఇంకొకటి. మాట మధ్యలో మరొకటి. గాదెలో ధాన్యం పడితే గుప్పున పడాలి, లేదంటే ఆగిపోవాలి. ఇలా ఎవరో లెక్కపెట్టి విసిరినట్టు ఒక్కొక్కటే ఎందుకు పడుతున్నాయి?

నిజంగా ఎవరో విసురుతున్నారు కాబట్టి. కెమెరాకి కనపడకుండా పైన కూర్చున్న స్టూడియో మనుషులు చేత్తో వేశారు. కథలో మాత్రం దానికి కారణం లేదు. ఆ కారణం 29 ఏళ్ల తరవాత ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్‌లో దొరికింది. 1996 నవంబరు 4 వారంలో వచ్చిన 'డీప్ స్పేస్ నైన్' అయిదో సీజన్ ఆరో ఎపిసోడ్, 'ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్'. ఆ కొట్టులో, కర్క్ నెత్తికి సరిగ్గా పైన, ట్రిబుళ్ల మధ్య కూర్చుని ఉన్నది ఆ కొత్త సిరీస్ హీరో కెప్టెన్ సిస్కో, అతని సహచరి జాడ్జియా డాక్స్. వాటిలో ఒకదానిలో బాంబు ఉంది. ఒక్కోదాన్ని పరికరంతో తడిమి చూడటం, ఇది కాదని తేలగానే పక్కకి విసిరెయ్యడం, మళ్లీ ఇంకోటి. పక్కన ఉన్నది తెరిచిన తలుపు. కింద ఉన్నది కర్క్ తల.

రెండు సిరీస్‌ల మనుషుల్ని ఒకే కథలో కలిపే క్రాసోవర్లు టీవీలో కొల్లలు. మామూలుగా వాటి వరస ఒకటే: పాత హీరో వస్తాడు, చప్పట్లు పడతాయి, కొత్త హీరోతో చెయ్యి కలుపుతాడు, వెళ్లిపోతాడు. ఈ ఎపిసోడ్ అలా చెయ్యలేదు. పాతదాన్ని ఫ్రేము ఫ్రేముగా చూసిన మనుషులు, అందులో పంటికింద రాయిలా తగిలే చిన్న చిన్న లోపాల్ని ఏరి, ఆ లోపాల చుట్టూనే కథ అల్లారు. అభిమానం అంటే అంత దగ్గరగా చూడటమే.

మన దగ్గర స్టార్ ట్రెక్ అంటే 1980ల్లో దూరదర్శన్, ఆదివారం పొద్దుటి పూట. చాలా ఇళ్లలో అప్పటికింకా బ్లాక్ అండ్ వైట్ టీవీలే. కమాండ్ వాళ్ల బంగారు రంగు చొక్కా, ఇంజినీర్ల ఎర్ర చొక్కా, డాక్టర్ల నీలం చొక్కా, మూడూ బూడిద రంగులోనే కనిపించేవి. ఎర్ర చొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగినవాడికి ఆయుష్షు తక్కువన్న జోకు రంగు టీవీ లేని ఇంట్లో ఎవరికీ అర్థమయ్యే అవకాశమే లేదు.

ముందు ట్రిబుళ్ల సంగతి. కథ రాసిన డేవిడ్ జెరోల్డ్‌కి అప్పుడు 23 ఏళ్లు. ట్రిబుల్‌కి రూపం ఇచ్చింది వా చాంగ్ అనే కళాకారుడు. కృత్రిమ బొచ్చు గుడ్డని సంచిలా కుట్టి, లోపల ఫోమ్ రబ్బరు ముక్కలు కూరితే అయిపోయింది. కళ్లు లేవు, కాళ్లు లేవు, నోరు లేదు. అలాంటివి 500 కుట్టారు. కదలాల్సిన కొన్నిటిలో బ్యాటరీతో నడిచే కుక్క బొమ్మల యంత్రాలు బిగించారు. మొహమే లేని ప్రాణి మీద జనానికి ఇంత మమకారం కలిగిందంటే, ఆ ఘనత చాలావరకు చేతిలో పట్టుకున్న నటులది. పిల్లికూనని నిమిరినట్టు వాళ్లు నిమిరారు కాబట్టి అది బతికున్నట్టు మనం నమ్మాం.

కొట్టులో మొత్తం ఎన్ని ఉన్నాయో కర్క్ సహాయకుడు స్పాక్ అక్కడే లెక్క చెప్తాడు: 17,71,561. నోటికొచ్చిన అంకె కాదది. ఒక ట్రిబుల్‌తో మొదలుపెట్టండి. ప్రతి 12 గంటలకి ఒక ఈత, ఈతకి 10 పిల్లలు. తల్లితో కలిపి 11. మూడు రోజులంటే 72 గంటలు, అంటే ఆరు ఈతలు. 11, 121, 1331, 14,641, 1,61,051, 17,71,561. పదకొండుని ఆరుసార్లు గుణిస్తే ఒక్కటి కూడా తేడా రాదు. ఒక్కటీ చావకూడదు, అన్నిటికీ తిండి దొరకాలి, పుట్టిన పిల్ల 12 గంటల్లో తల్లి అయిపోవాలి. ఈ మూడు షరతులూ ఆ ధాన్యపు కొట్టులో కుదిరాయి. రక్తబీజుడి కథ తెలిసినవాళ్లకి ఈ గణితం కొత్త కాదు. అక్కడ నేల మీద పడిన ప్రతి రక్తపు చుక్కకీ ఒక రాక్షసుడు లేస్తే, ఇక్కడ తిన్న ప్రతి గింజకీ ఒక బొచ్చు ఉండ పుడుతుంది.

1967 కథలో తిప్పలు రెండు. కే-7 అనే స్థావరంలో షెర్మన్ గ్రహానికి పంపాల్సిన క్వాడ్రోట్రిటికేల్ అనే ధాన్యం ఉంది. కర్క్ వాళ్లకి శత్రువులైన క్లింగన్ జాతి గూఢచారి ఆర్న్ డార్విన్ మామూలు మనిషి వేషంలో అధికారి దగ్గర గుమస్తాగా చేరి దానిలో విషం కలిపాడు. ధాన్యం తిన్న ట్రిబుళ్లు చచ్చిపోవడంతో విషం సంగతి, డార్విన్‌ని చూసి అవి కీచుమనడంతో అతని సంగతి బయటపడ్డాయి. చివర్లో ఇంజినీరు స్కాటీ ఎంటర్‌ప్రైజ్ ఓడలోని ట్రిబుళ్లన్నిటినీ క్లింగన్ల ఓడలోకి పంపించేసి చేతులు దులుపుకుంటాడు.

1996కి వద్దాం. స్టార్ ట్రెక్ మొదలైంది 1966 సెప్టెంబరు 8న. ముప్ఫై ఏళ్లు నిండాయి. అప్పుడు నడుస్తున్న సిరీస్‌లు రెండు, 'వోయేజర్', 'డీప్ స్పేస్ నైన్'. 'వోయేజర్' వాళ్లు పాత సిరీస్‌లో సులు పాత్ర వేసిన జార్జ్ టకేని పిలిపించి 'ఫ్లాష్‌బ్యాక్' అనే ఎపిసోడ్ తీసి సెప్టెంబరు 11న వేశారు. చూడదగ్గదే, కానీ పండక్కి వచ్చిన చుట్టంలా ఉంటుంది. 'డీప్ స్పేస్ నైన్' రచయితల గదిలో మొదట నలిగిన ఆలోచన వేరు. పాత సిరీస్‌లో గూండాల కాలపు షికాగోని అనుకరించే గ్రహం ఒకటి ఉంది. అక్కడికి మళ్లీ వెళ్దామా అన్నది. చివరికి ట్రిబుళ్ల దగ్గర తేలారు. కథ ఐరా స్టీవెన్ బేర్, హాన్స్ బైమ్లర్, రాబర్ట్ హ్యూయిట్ వుల్ఫ్‌లది. స్క్రీన్‌ప్లే రోనాల్డ్ డి. మూర్, రెనే ఎచెవారియాలది. దర్శకత్వం జొనాథన్ వెస్ట్‌ది. ఆ సిరీస్‌కి కెమెరామన్ కూడా ఆయనే. ఆ విషయం ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకో తరవాత తెలుస్తుంది.

డార్విన్‌గా 1967లో నటించిన చార్లీ బ్రిల్‌ని మళ్లీ తీసుకోవాలని అనుకుంటుండగానే, రచయితలు కూర్చున్న పిజ్జా హోటల్లోనే ఆయన కనిపించారట. సినిమాలో పెడితే నమ్మం. కథలో ముసలి డార్విన్ కాలంలో వెనక్కి వెళ్లి, తన పరువు తీసిన కర్క్‌ని ట్రిబుల్ బాంబుతో చంపాలనుకుంటాడు. పాత మొహం వయసు మళ్లి తిరిగి రావడం ఒక్కటే చాలు, ఈ రెండు కథలూ ఒకే ప్రపంచంలోవని నమ్మడానికి.

వెనక్కి వెళ్లడానికి సాధనం 'కాలపు గోళం'. దాన్ని కార్డాసియా అనే గ్రహం నుంచి సిస్కో ఓడ డిఫయంట్‌లో తెస్తుంటే డార్విన్ వాడేస్తాడు. 105 ఏళ్లు, ఒక నెల, 12 రోజులు వెనక్కి. ఆ రోజు శుక్రవారం అని కూడా చెప్తారు. చెప్పేది కాల విచారణ శాఖ అధికారులు ఇద్దరు, డల్మర్, లక్స్‌లీ. అప్పట్లో ఊపు మీదున్న 'ఎక్స్-ఫైల్స్' టీవీ సిరీస్‌లో మల్డర్, స్కల్లీల పేర్ల అక్షరాల్ని కలగాపులగం చేస్తే వచ్చే పేర్లివి. నవ్వడం తెలియని ఈ ఇద్దరు గుమస్తాలకి సిస్కో జరిగింది చెప్పుకుంటూ పోతాడు, కథంతా ఆ వాంగ్మూలమే. కర్క్ పేరెత్తగానే వాళ్ల మొహాలు చూడాలి. కాలాన్ని కెలికిన కేసులు అతని ఫైల్లో 17 ఉన్నాయి మరి.

మన 'ఆదిత్య 369'లో టైమ్ మెషిన్ శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్తే, అక్కడ కనిపించే రాయలవారు కూడా అదే సినిమాలో నటించిన బాలకృష్ణే. గతం మొత్తం కొత్తగా కట్టిన గతం. సెట్టు మనది, వెలుగు మనది, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో మన ఇష్టం. ఈ ఎపిసోడ్‌లో గతం నిజంగా గతమే. 1967లో తీసిన ఫిల్ము. కర్క్ వేసిన విలియం షాట్నర్, స్పాక్ వేసిన లియొనార్డ్ నిమోయ్ ఈ ఎపిసోడ్ కోసం కొత్తగా ఒక్క షాటు కూడా చెయ్యలేదు. వాళ్లని కదిలించలేం, ఒక మాట ఎక్కువ చెప్పించలేం, అంగుళం పక్కకి జరపలేం. కొత్తవాళ్లే ఒదిగి సందుల్లో దూరాలి. పైగా కర్క్ పాత్ర 1994లో వచ్చిన 'జెనరేషన్స్' సినిమాలో చనిపోయింది కూడా. ఆ తరవాత రెండేళ్లకి నవ్వుతూ, నడుముకి చేతులు పెట్టుకుని, ముప్ఫైల్లో ఉన్న మనిషిలా అతన్ని మళ్లీ చూడటంలో ఒక గిలి ఉంది.

ఇప్పుడు అసలు పని. దృశ్యమాయల పర్యవేక్షణ గ్యారీ హట్జెల్‌ది. రెండేళ్ల ముందే 'ఫారెస్ట్ గంప్' సినిమాలో టామ్ హాంక్స్‌ని పాత వార్తాచిత్రాల్లోకి దూర్చారు, కాబట్టి విద్య కొత్తది కాదు. కానీ సినిమా డబ్బు వేరు, వారానికో ఎపిసోడ్ ఇవ్వాల్సిన టీవీ డబ్బు వేరు.

మొదటి మెట్టు పాత ఫిల్ము. టీవీల్లో ఏళ్ల తరబడి తిరిగిన కాపీలు గీతలు పడి, రంగు వెలిసి ఉంటాయి. వాటి పక్కన కొత్త మనిషిని నిలబెడితే పాత ఫొటో మీద స్టిక్కరు అంటించినట్టుంటుంది. అందుకని అసలు ఫిల్ము నుంచి మళ్లీ వీడియోకి ఎక్కించి శుభ్రం చేయించారు. 1967 నాటి రంగులు అంత కొత్తగా ఉన్నాయని అప్పుడు చూసిన చాలామందికి ఆశ్చర్యం.

రెండోది, ఏ షాటులో ఖాళీ ఉందో వెతకడం. వెనక గోడకీ మనిషికీ మధ్య చోటున్న షాట్లు తేలిక. ఎవరో పేరులేని ఎక్స్‌ట్రా నిలబడ్డ చోటు అయితే వాణ్ని చెరిపి మనవాణ్ని పెట్టొచ్చు, కానీ చెరిపితే వెనక ఉన్న గోడ ఏమిటి? అది మరో ఫ్రేములో కనిపిస్తే అక్కణ్ణుంచి తెచ్చి అతకాలి, కనిపించకపోతే గియ్యాలి.

మూడోది కొలత. పాత షాటులో కెమెరా నేలకి ఎంత ఎత్తున ఉంది, ఎంత దూరంలో ఉంది, ఏ లెన్సు, ఎంత వంచారు? కాగితం మీద రాసిపెట్టినవాడు లేడు. షాట్నర్ ఎత్తు తెలుసు, తలుపు ఎత్తు తెలుసు, నేల గీతలు ఎక్కడ కలుస్తున్నాయో చూడొచ్చు. వాటినుంచి వెనక్కి లెక్క కట్టాలి. ఇది రెండు అంగుళాలు తప్పితే ప్రేక్షకుడికి తప్పెక్కడో తెలియదు గానీ, కొత్తవాడు నేలకి ఆనకుండా తేలుతున్నట్టు అనిపిస్తుంది. కెమెరా కదిలే షాట్లు మరీ తలనొప్పి. 1967లో ట్రాలీని తోసింది చేత్తో. ఆ తోపులో ఒకచోట వేగం, ఒకచోట నెమ్మది. కొత్త నటుణ్ని నీలి తెర ముందు తీసి, ఆ నీలం తీసేసి పాత షాటులో అతుకుతారు. అతన్ని తీసే కెమెరా కూడా అదే ఒడిదుడుకుతో నడవాలి. అయినా కదిలే షాట్లని వదులుకోలేదు, ఎందుకంటే కదలని షాటులో మాయ ఇట్టే దొరికిపోతుంది.

నాలుగోది వెలుగు. 1960ల టీవీలో దీపాలు గట్టివి, సూటివి. పాత సిరీస్ కెమెరామన్ జెర్రీ ఫినర్‌మన్ గోడల మీద ఊదా, ఆకుపచ్చ రంగు కాంతులు పూసేవారు. ముక్కు నీడ చెంప మీద కత్తితో గీసినట్టు పడేది. 1990ల్లో అలవాటైన మెత్తని వెలుగులో సిస్కోని తీసి అక్కడ పెడితే, నేర్పు ఎంతున్నా అతకదు. దర్శకుడే కెమెరామన్ కావడం ఇక్కడ కలిసొచ్చింది. నటుణ్ని ఎక్కడ నిలబెట్టాలి, దీపం ఎక్కడ పెట్టాలి అన్న రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే తలలో ఉంది.

అయిదోది అంచులు గీయడం. సిస్కో ముందు నుంచి కర్క్ నడిచి వెళ్లాలంటే, కర్క్ ఆకారాన్ని పాత ఫిల్ములోంచి కత్తిరించి తియ్యాలి. సెకనుకి 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటుకి 120 సార్లు ఆ మనిషి అంచు చుట్టూ గీత గియ్యాలి, గీత ఫ్రేముకీ ఫ్రేముకీ వణక్కూడదు. చొక్కా అంచు పరవాలేదు. జుట్టు దగ్గర ప్రాణం పోతుంది. ఇక ట్రిబుళ్లు! బొచ్చు అంచు సగం కనపడీ సగం కనపడనట్టుంటుంది. నీలి తెర ముందు బొచ్చు ఉండని తీస్తే ఆ నీలం బొచ్చు చివర్లలోకి ఇంకుతుంది. దాన్ని మరీ కడిగితే బొచ్చు ఊడి గుండు ట్రిబుల్ అవుతుంది.

దీనికి తోడు ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములైతే అమెరికా వీడియో దాదాపు 30. నాలుగు ఫిల్ము ఫ్రేముల్ని అయిదు వీడియో ఫ్రేములుగా సాగదీస్తారు. పాత ముక్కలోనూ కొత్త ముక్కలోనూ ఆ సాగదీత ఒకే చోట మొదలవ్వాలి. లేకపోతే ఒకరు నున్నగా నడుస్తుంటే పక్కవాడు నత్తినత్తిగా నడుస్తాడు. పాత ఫిల్ములో ఉండే సన్నని ఇసుకరేణువుల్లాంటి గరుకు కొత్తవాడి మీదా ఉండాలి. ఫిల్ము ప్రొజెక్టర్లో కాస్త అటూఇటూ ఊగే ఊపు కూడా కొత్తవాడికి ఇవ్వాలి. గది మొత్తం వెంట్రుకవాసి ఊగుతుంటే ఒక్కడే గుంజలా నిలబడితే కన్ను పట్టేస్తుంది. ఒక్క అదృష్టం ఏమిటంటే రెండు సిరీస్‌లూ 35 ఎంఎం ఫిల్ము మీద, పాత టీవీల నాలుగుకి మూడు కొలత తెరకే తీసినవి. వెడల్పు తెర రోజులొచ్చాక ఇదే పని పెట్టుకుంటే ముందు ఆ తగువే తేలేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది చూపు. నీలి తెర ముందు నిలబడ్డ నటుడికి ఎదురుగా ఎవరూ ఉండరు. షాట్నర్ కళ్లు ఉండాల్సిన చోట ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు కాస్త పైకి పెడితే సిస్కో కర్క్ నుదుటితో మాట్లాడినట్టుంటుంది. ఎపిసోడ్ చివర్లో ఆ పరీక్ష వస్తుంది. వెళ్లే ముందు సిస్కో డ్యూటీ జాబితా మీద సంతకానికని వంక పెట్టుకుని కర్క్ దగ్గరికి వెళ్తాడు. ఆ ఫిల్ము ట్రిబుళ్ల ఎపిసోడ్‌లోది కానే కాదు. 1967 అక్టోబరు 6న వచ్చిన 'మిర్రర్, మిర్రర్' చివరి సీను అది. అక్కడ కర్క్ మాట్లాడింది మార్లీనా మోరో అనే అమ్మాయితో. ఆమెను తీసేసి ఆ చోట సిస్కోని నిలబెట్టారు. అందుకే కర్క్ చూపులో అంత మెత్తదనం, ఒక లెఫ్టినెంటుని చూసి కెప్టెన్ అంత ప్రేమగా నవ్వడం! తెలియకముందు అది కర్క్ పెద్దమనసు అనిపిస్తుంది. తెలిశాక ఇంకా బావుంటుంది.

సెట్ల విషయంలో ఇంతకుముందు ఒకసారి ఇలాంటి ప్రయత్నం జరిగింది. 1992లో 'నెక్స్ట్ జెనరేషన్' వాళ్లు స్కాటీని తీసుకొచ్చిన 'రెలిక్స్' ఎపిసోడ్‌లో పాత ఓడ బ్రిడ్జిని, అంటే ఓడని నడిపే గదిని, చూపించాలి. మొత్తం కట్టే డబ్బు లేదు. ఒక ముక్క కట్టి, ఖాళీ బ్రిడ్జి పాత షాటు ఒకటి వెతికి పట్టుకుని నడిపించారు. 1996లో చెయ్యి కాస్త పెద్దదైంది. హెర్మన్ జిమ్మర్‌మన్ బృందం ఎంటర్‌ప్రైజ్ నడవాలు, లిఫ్టు, ధాన్యపు కొట్టు, కే-7 మద్యశాల మళ్లీ కట్టింది. గోడలమీది బొమ్మలు, గుర్తులు మైక్ ఒకుడా పని. బట్టలు రాబర్ట్ బ్లాక్‌మన్ కుట్టించారు. పాత సిరీస్ రెండో సీజన్లో చొక్కాలు వెలోర్ గుడ్డవి, మఖ్మల్ లాంటి మెరుపు. ఆ గుడ్డకి దీపాల కింద రంగు మారే జబ్బుంది. అప్పటి కమాండ్ చొక్కా చేతిలో పట్టుకుంటే ఆకుపచ్చ, తెరమీద బంగారం. కొత్తవాళ్ల చొక్కాలు తెరమీది బంగారానికి కలవాలా, చేతిలోని ఆకుపచ్చకి కలవాలా? తెరకే కలవాలి, ఎందుకంటే పక్కన నిలబడేది తెరమీది కర్క్.

ఓడల నమూనాలు గ్రెగ్ జైన్ చేశారు. పాత ఎంటర్‌ప్రైజ్ పెద్ద నమూనా 11 అడుగులది, 1974 నుంచి స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని తెచ్చి తీయడం కుదిరే పని కాదు. జైన్ దానికి సగం, అయిదున్నర అడుగుల నమూనా కొత్తగా చేశారు. కే-7 స్థావరాన్నీ, క్లింగన్ల డీ-7 ఓడనీ కూడా. ఈ డీ-7లో ఒక తమాషా ఉంది. 1967 ఎపిసోడ్‌లో క్లింగన్ ఓడ గురించి అందరూ మాట్లాడతారు గానీ అది తెరమీద కనిపించదు. ఆ నమూనా అప్పటికింకా లేదు, మూడో సీజన్లోగానీ రాలేదు. 29 ఏళ్ల తరవాత కే-7 పక్కన ఆ ఓడ తొలిసారి కనిపించింది, దానికో పేరు కూడా దొరికింది.

జోకుల దగ్గరికొస్తే, మంచివన్నీ పాతదాని వింతల్లోంచే పుట్టాయి. లిఫ్టు ఎక్కిన సిస్కో మనుషులు, ఇంజినీరు ఓబ్రయన్, డాక్టర్ బషీర్‌లు వెళ్లాల్సిన చోటు పేరు చెప్పి నిలబడతారు. కదలదు. పాత ఓడలో లిఫ్టు పిడిని పట్టుకుంటేనే నడుస్తుందని వాళ్లకి తెలియదు. తరవాత ఎక్కినవాడు మామూలుగా పిడి పట్టుకుంటాడు, లిఫ్టు బయల్దేరుతుంది. నిపుణుడైన ఇంజినీరు మొహంలో ఆ క్షణం చూడాలి. బట్టలు మార్చుకున్నాక బషీర్‌కి ఇంకో అనుమానం, రంగులు తారుమారయ్యాయేమని. ఆ కాలంలో కమాండ్ వాళ్లు బంగారం, ఇంజినీర్లు ఎరుపు. బషీర్ కాలానికి అవి అటుదిటు అయిపోయాయి. ఆడవాళ్ల బట్టలు అప్పట్లో మరీ పొదుపు అని డాక్స్ చురక. ఆమె మాత్రం అక్కడ పండగ చేసుకుంటుంది. ఆమె ఒంట్లో మరో జీవి ఉంటుంది, ఒంటి తరవాత ఒంట్లో బతికే ఆ జీవికి ఎన్నో జన్మలు. ఆ రోజుల్లో కర్క్ ఓడ డాక్టరు మెకాయ్‌తో పరిచయం ఉన్న జన్మ కూడా ఒకటుంది. పాత పరికరాల నలుపు రంగు, వెండి అంచులు చూసి మురిసిపోవడం ఆమెకే చెల్లింది. వెనక్కి చూస్తే నవ్వొచ్చే వస్తువుల్ని నవ్వకుండా ప్రేమించే పాత్ర ఒకటి కథలో ఉండటం మంచి తూకం.

ఓబ్రయన్ మద్యశాలలో ఒకణ్ని చూపించి కర్క్ అతనే అంటాడు. అతను కర్క్ కాదు, ఫ్రీమన్ అనే చిన్న ఉద్యోగి. ఆ పాత్ర వేసిన పాల్ బ్యాక్స్‌లీ షాట్నర్‌కి స్టంట్ డూప్. ఎంతమందికి అర్థమవుతుందో లెక్కచూడకుండా ఇలాంటి జోకు వేసే ధైర్యం చాలా తక్కువమంది రచయితలకి ఉంటుంది.

క్లింగన్ల నుదురు సంగతి అందరికీ తెలిసిందే. 1960ల్లో డబ్బులేక, క్లింగన్లంటే మొహానికి ముదురు రంగు, గెడ్డం, అంతే. 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమా నుంచి నుదుటి మీద ఎముక గట్లు వచ్చాయి. కథలో మాత్రం ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు. ఇప్పుడు మద్యశాలలో సిస్కో సిబ్బందిలోని క్లింగన్, గట్ల నుదురున్న వర్ఫ్ కూర్చున్నాడు, చుట్టూ నున్నటి నుదుళ్ల క్లింగన్లు. పక్కవాళ్లు అతని వైపు చూస్తారు. బయటివాళ్లతో ఆ సంగతి మాట్లాడం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అంతకంటే మంచి జవాబు లేదు. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్ రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి వైరస్ అనీ జన్యువులనీ కారణం కట్టింది. అది బావుంది గానీ, వర్ఫ్ గద్దింపే బావుంది. ట్రిబుళ్ల జాతిని క్లింగన్లు వేటాడి తుడిచిపెట్టేశారని వర్ఫ్ గొప్పగా చెప్తే, ఆ మహావేట మీద ఇప్పటికీ పాటలు పాడుకుంటున్నారా అని సిస్కో మనిషే అయిన ఓడో దెప్పడం ఇదే ఎపిసోడ్‌లో.

మద్యశాల కొట్లాట తరవాత, కర్క్ అందర్నీ వరుసగా నిలబెట్టి మొదట చెయ్యి చేసుకున్నదెవరని అడిగే సీను ఈ ఎపిసోడ్‌కి గుండెకాయ. ఆ వరుసలో ఓబ్రయన్, బషీర్ ఉంటారు. కర్క్ అడుగు అడుగుగా నడుస్తూ వస్తాడు, ఆగుతాడు, అడుగుతాడు. ఆగింది 1967లో. అడిగింది 1967లో. తెలియదు సార్ అని ఓబ్రయన్ చెప్పింది 1996లో. ఒక ప్రశ్నకీ జవాబుకీ మధ్య 29 ఏళ్లు, తెరమీద అర సెకను. పైన చెప్పిన కొలతలు, వెలుగు, అంచులు, చూపు అన్నీ ఈ అర సెకను నిలవడానికే.

లోపాలు లేవని కాదు. డాక్స్, సిస్కోల వెంట సాగే బాంబు వేట మధ్యలో కాస్త నీరసిస్తుంది. తన ముత్తాతని తానే అవుతానేమో అని బషీర్ పడే గాభరా ఒకసారి నవ్విస్తుంది, రెండోసారి నవ్వించదు. కానీ ఫిల్ములో ఇరికించే పనికే అందరూ ప్రాణం పెట్టి కథని గాలికొదిలేసిన ఎపిసోడ్ కాదిది. అమెరికా టీవీ బహుమతి ఎమ్మీకి మూడు విభాగాల్లో పోటీకి వెళ్లింది. కళాదర్శకత్వం, కేశాలంకరణ, దృశ్యమాయలు. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో బహుమతి పోటీలోనూ నిలిచి, 'బాబిలాన్ 5' అనే మరో సిరీస్ ఎపిసోడ్ చేతిలో ఓడింది. 1968లో పాత ట్రిబుళ్ల ఎపిసోడ్ కూడా హ్యూగోకి పోటీపడి ఓడిందే. ట్రిబుళ్లకి ఆ బహుమతి అచ్చిరాలేదు. జెరోల్డ్‌ని మాత్రం మరిచిపోలేదు. ఎంటర్‌ప్రైజ్ నడవాలో నిలబడే సిబ్బందిలో ఒకడిగా ఆయన కొత్త ఎపిసోడ్‌లో కనిపిస్తారు.

ఇప్పుడు చూస్తే ఒక తలకిందుల సంగతి ఉంది. పాత సిరీస్‌ని 2006 నుంచి ఫిల్ము నుంచి మళ్లీ శుభ్రంచేసి హైడెఫినిషన్‌లోకి మార్చారు. 'డీప్ స్పేస్ నైన్' నటుల్ని తీసింది ఫిల్ము మీదే అయినా, కూర్పు, మాయలు అన్నీ ఆనాటి వీడియో టేపు మీద జరిగాయి. హైడెఫినిషన్ కావాలంటే ఫిల్ము డబ్బాలు తీసి మళ్లీ ఎక్కించి, మళ్లీ కూర్చి, ప్రతి మాయనీ మళ్లీ చెయ్యాలి. 'నెక్స్ట్ జెనరేషన్'కి ఆ శ్రమ పడ్డారు, దీనికి పడలేదు. అందువల్ల ఇవాళ 1967 నాటి కర్క్ మొహం అద్దంలా కనిపిస్తుంది. 1996లో అతని పక్కన నిలబడినవాళ్లే మసకగా ఉంటారు.

చూసేవాళ్లకి వరస ఒకటే. ముందు 1967ది చూడండి. తరవాత 1996ది. ఆ వెంటనే మళ్లీ 1967ది పెట్టండి. కొట్టు తలుపు తెరుచుకుని, కుప్ప రాలి, ఒక్కొక్కటే నెత్తిన పడటం మొదలవగానే, పైన విసురుతున్న చేతులు ఎవరివో తెలుసు కాబట్టి కన్ను పైకే పోతుంది. వరుసలో నిలబెట్టిన సీను వచ్చేసరికి ఓబ్రయన్ కోసం వెతుకుతాం. అక్కడ ఎవరో పేరు తెలియని ఎక్స్‌ట్రా బుద్ధిగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంటాడు.